జీడి నూనె పూసిన సైకిలు

ఒక సాయంత్రం కోళ్ళను గూట్లోకి తోలుతూ వాటిని పిలవబోతే గొంతు రాలేదు. దగ్గి మళ్ళీ పిలిచాను. బొంగురుగా, ఎవరిదో గొంతులా వచ్చింది. జలుబు లేదు, జ్వరం లేదు. కాసేపు ఆలోచిస్తే అర్థమైంది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మా ఊరు వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఉంటుంది. పగలు ఊళ్ళో మనుషులు ఉండరు. మగవాళ్ళు కొందరు వేటలో ఉంటారు, ఎక్కువమంది గుజరాత్ బోట్ల మీద ఉంటారు. ఆడవాళ్ళు పొద్దున్నే ఆటోలెక్కి పలాస జీడి ఫ్యాక్టరీలకు పోతారు. నా భర్త కిడ్నీ జబ్బుతో పోయాడు. మాకు పిల్లలు లేరు. అయినా ఆయన పోయిన కొత్తలో నాకు ఒంటరితనం ఇంతగా తెలియలేదు, ఎందుకంటే అప్పటికి నా నెత్తిన తట్ట ఉండేది. వేకువన ఒడ్డుకు పోయి వేలంలో చేపలు పాడుకొని, తట్ట నెత్తిన పెట్టుకొని లోపలి కొబ్బరితోటల ఊళ్ళకు నడిచేదాన్ని. ఇంటికో మాట దొరికేది. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి నాలుగు ఊళ్ళ కబుర్లు నా దగ్గర ఉండేవి. వాటిని నెమరు వేసుకుంటూ అన్నం తిని పడుకునేదాన్ని.

తర్వాత మెడ పట్టేసింది. కుడిచెయ్యి తిమ్మిరెక్కి గిన్నె కూడా పట్టుకోలేకపోయాను. పలాసలో డాక్టరు ఫోటో తీయించి చూసి, ఇక నెత్తిన బరువు పెట్టకూడదన్నాడు. కూర్చొని చేసే పని చూసుకోమన్నాడు. మా వైపు కూర్చొని చేసే పని అంటే జీడిపప్పు మీద పొట్టు తీయడమే. కొన్నాళ్ళు వెళ్ళాను. చేపలకు అలవాటుపడిన వేళ్ళు నావి, పప్పు పట్టుకుంటే ముక్కలయ్యేది. రేపటినుంచి రావద్దమ్మా అని మెల్లగానే చెప్పారు.

పింఛను వస్తుంది. ఇంటి వెనక కొబ్బరిచెట్లు ఉన్నాయి. తిండికి లోటు లేదు, లోటు మాటకే. కోళ్ళ దగ్గర గొంతు పోయిన ఆ సాయంత్రం నేను ఒకటే అనుకున్నాను. ఎలాగైనా మళ్ళీ ఆ ఊళ్ళకు వెళ్ళాలి. నెత్తిన మోయలేకపోతే ఇంకోలా మోయాలి.

ఇంటి వెనక తాటాకుల పంచలో మా ఆయన సైకిలు ఉంది.

అది మా పెళ్ళికంటే పాతది. నౌపడ ఉప్పు కొఠార్లలో పనిచేసిన ఒక గుమాస్తా దగ్గర మా మామగారు కొన్నారట. పెద్ద చక్రాలు, మందపాటి ఇనుము, తీగలు కాకుండా సన్నటి కడ్డీలతో పనిచేసే బ్రేకులు. మా ఆయన వేట మానేశాక దాని వెనక చేపల బుట్ట కట్టుకొని పూండి దాకా వెళ్ళి అమ్మేవాడు. డయాలసిస్ మొదలయ్యాక తొక్కలేకపోయాడు. అప్పుడు కూడా సాయంత్రాలు దాని పక్కన కూర్చొని గుడ్డతో తుడిచేవాడు. ఆయన పోయాక ఎవరూ తుడవలేదు. ఉప్పుగాలి ఇనుమును ఊరికే వదలదు. బయటికి లాగితే గొలుసు మొత్తం ఒకే ముద్దలా ఊడి పడింది. టైర్లు బెరడులా చిట్లి ఉన్నాయి.

పక్కింట్లోనే మా ఆడపడుచు ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చెయ్యి కూడా కడుక్కోకుండా గోడ మీంచి చూసింది.

"ఇనప సామాన్లోడు రేపొత్తాడు వదినా. ఏత్తే ఉల్లిపాయలైనా వొత్తాయి."

"అమ్మడానికి కాదు. బాగు సేయిత్తాను."

"ఎవులికి?"

"నాకే."

అది కాసేపు నన్ను, కాసేపు సైకిలును చూసింది. "మీ ఇద్దర్లో ఎవులు ముందు పడతారో సూడాల," అని లోపలికి పోయింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన డయాలసిస్ రోజుల్లో. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక బయట బెంచీ మీద కూర్చోవడమే నా పని. పక్కన ఒక టీచరమ్మ కూర్చునేది, ఆమె భర్తదీ అదే జబ్బు. ఊరికే కూర్చుంటే ఏడుపు వస్తుందని ఆమె పాత పేపరు అంచుల మీద నాకు అక్షరాలు రాసిచ్చేది. ముందు అంకెలు, తర్వాత అఆలు. ఆయన పోయే నాటికి నేను గోడల మీద రాతలు చదివేదాన్ని. ఇప్పుడు ఇది రాయడం కూడా ఆమె పెట్టిన భిక్షే. ఆమెకు చూపిద్దామంటే ఆమె ఎక్కడుందో తెలియదు. ఆమె భర్త ఒకరోజు రాలేదు, మరి ఆమె ఎందుకు వస్తుంది.

ఆ అంకెలే నాకు సైకిలు పనిలో మొదట పనికొచ్చాయి. చిట్లిన టైరును ఇసకతో రుద్దితే పక్కన కొలత కనబడింది. దాన్ని నోట్లో అనుకుంటూ, సైకిలును ఈడ్చుకుంటూ పూండి నడిచాను. వెనక చక్రం తిరగలేదు, అందుకని వెనక భాగం ఎత్తి పట్టుకొని, ఆగుతూ ఆగుతూ వెళ్ళాను.

పూండి స్టేషనుకు పోయే దారిలో ఒక సైకిలు షాపు ఉంది. అందులో కూర్చునే ఆయన నా ఈడువాడే, నన్ను అప్పా అంటాడు, మా వైపు అప్ప అంటే అక్క. మా ఆయన్ని బావా అనేవాడు. ఇప్పుడు ఆయన దగ్గరికి సైకిళ్ళు రావడం తక్కువ, మోటారుసైకిళ్ళ పంచర్లే ఎక్కువ. నన్ను చూసి నోట్లో పుల్ల తీశాడు.

"ఏటప్పా, ఈ ఎముకలగూడు ఎక్కడ తవ్వినావు?"

"మీ బావది."

ఆయన వంగి ముందు ఇరుసు మీద బొటనవేలితో రుద్దాడు. తుప్పు కింద తెల్లగా మెరిసింది. "ఇది సావలేదు," అన్నాడు. "పైన తుప్పు గానీ లోన ఉక్కు. ఇప్పుడిలాంటిది ఎవులూ సెయ్యరు. అది సరే, తొక్కీది ఎవులు?"

"నానే."

"నీకు తొక్కడం వొచ్చా?"

"రాదు. ముందు అది నడవనీ. తరవాత నాను నేర్సుకుంతాను."

ఆయన నవ్వలేదు. చేతులు గుడ్డకు తుడుచుకొని, పైన అడ్డంగా ఉన్న కడ్డీని తట్టాడు. "సీరతోటి దీని మీంచి కాలెలగెత్తుతావు?"

"కోసీ దాన్ని."

"కోత్తే బలం పోద్ది. ఎనక సేపలు, మీద నువ్వు. దారిలో రెండు ముక్కలైతే ముందు సక్రం ఒక్కత్తే పూండి వొచ్చీద్ది, ఎనకది నీ కాడ ఉండిపోద్ది."

అప్పుడు నేనే నవ్వాను. ఎన్నాళ్ళకో నవ్వాను.

ఆయన చెప్పిన ఉపాయం ఇది. అదే కాలపు ఆడవాళ్ళ సైకిలు ఫ్రేము ఒకటి పాత ఇనుములో వెతకాలి. మా ఆయన సైకిల్లో ఇంకా బాగున్నవి, అంటే రెండు ఇరుసులు, పెడల్ కడ్డీలు, పళ్ళ చక్రం, హ్యాండిలు, సీటు, వాటిని దానికి ఎక్కించాలి. కొత్త సామాను పాతదానికి పట్టదు, పాతది పాతదానికే పడుతుందన్నాడు. "కొలతలు నమ్మొద్దు, సామానే తీసుకెల్లి పెట్టి సూడు," అని పెడల్ కడ్డీల దగ్గర ఫ్రేములోకి బిగించే ఇనుప గిన్నె ఒకటి విప్పి నా చేతిలో పెట్టాడు. "ఇది ఏ ఫ్రేములో సుట్టాల్లా తిరుగుద్దో అదే మనది. బలవంతం సేసీకు."

ఆ గిన్నెను చీర కొంగున ముడేసుకొని కాశీబుగ్గలో పాతసామాన్ల షాపులు తిరిగాను. ఒక్కరోజులో కాలేదు. వారానికోసారి వెళ్ళేదాన్ని. కొన్ని ఫ్రేముల్లో గిన్నె దూరనే లేదు, కొన్నిట్లో సగంలో బిగుసుకుపోయింది. బడికి పోయే ఆడపిల్లల సైకిళ్ళు కుప్పలుగా ఉన్నాయి, అవేవీ సరిపోలేదు. చివరికి ఒక షాపు వెనక, విరిగిన ఫ్యాన్ల కింద, ముందు కడ్డీ వంపుగా కిందికి దిగిన పాత ఫ్రేము దొరికింది. లోపల ఇసక ఉంది. కొంగుతో తుడిచి గిన్నె పెట్టి వేళ్ళతోనే తిప్పాను. ఆగకుండా తిరిగింది. ఇంకా తిప్పాను. ఎక్కడా పట్టలేదు. షాపతను ఏమ్మా తీసుకుంటావా అని అడుగుతున్నాడు. నేను దాన్ని బయటికి విప్పి మళ్ళీ లోపలికి తిప్పుతూ కూర్చున్నాను.

చక్రాల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. మా ఆయనవి పెద్ద చక్రాలు, ఈ ఫ్రేములో పట్టవు. చిన్న రిమ్ములు కావాలి, కానీ ఇరుసులు ఆయనవే ఉంచాలని నా పట్టు. పాత ఇరుసుల్లో వెనకదానికి స్పోకు పుల్లల కన్నాలు ఎక్కువ, ముందుదానికి తక్కువ. రిమ్ములకూ అలాగే ఉండాలి. ఇప్పటి రిమ్ములు అలా రావు. షాపాయన కొత్త ఇరుసులే కొనెయ్యమన్నాడు, తేలికగా పోతుందన్నాడు. నేను టెక్కలి వెళ్ళాను. అక్కడ ఒక పెద్ద షాపు అటక మీద, అమ్ముడుపోక మిగిలిన జత ఉంది. కాగితం చుట్టి, మీద కొలత రాసి ఉంది. నేను చదివి, ఇదే అన్నాను. నిచ్చెనెక్కిన అతను నేను చదివినందుకు ఆశ్చర్యపోలేదు. అందరూ చదువుతారు కదా అన్నట్టు ఇచ్చేశాడు. ఆ ఇవ్వడం నాకు నచ్చింది.

చేతిలో ఉన్నదాన్ని బట్టి ఒక నెల ఒక సామాను, ఒక నెల ఏదీ లేదు. ఆ మధ్యకాలమంతా నేను ఇంటి వెనక కూర్చొని తుప్పు తీశాను. కొబ్బరిపీచు, ఇసక, చింతపండు నీళ్ళు. పొద్దున్న మొదలుపెడితే ఎండ నెత్తికెక్కేదాకా. ఎవరూ రారు. సముద్రం చప్పుడు, పీచు చప్పుడు. ఇరుసు మీద చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. అవి నాకు రావు. వేలితో తడిమి వదిలేశాను. ఆయన ఎన్నోసార్లు తుడిచిన చోటే నేనూ తుడుస్తున్నానని తెలుసు. కానీ ఆయన నాతో మాట్లాడినట్టు అనిపించిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఇనుము ఏమీ మాట్లాడదు.

తుప్పు పోయాక ఇనుముకు ఏదో ఒకటి పూయాలి. లేకపోతే వారంలో మళ్ళీ పడుతుంది. షాపాయన ఫ్రేముకు రంగు వేయించుకోమన్నాడు, కదిలే చోట్ల పెట్టమని కొబ్బరిచిప్పలో గ్రీజు ఇచ్చాడు. నాకు అంతకంటే మంచి మందు తెలుసనుకున్నాను. మా ఒడ్డున పడవలకు జీడి నూనె పూస్తారు, జీడిపిక్క పైతొక్కలోంచి తీసే నల్లటి నూనె. అది పూసిన చెక్కను ఉప్పూ ముట్టదు, పురుగూ ముట్టదు. మా పుట్టింటివాళ్ళవి జీడితోటలు, ఆ నూనె మధ్యే పెరిగాను. ఒంటికి తగిలితే కాలుతుందని తెలుసు. చేతులకు కొబ్బరినూనె రాసుకొని, గుడ్డ చుట్టిన పుల్లతో ఫ్రేముకు పూశాను. ఎండలో ఆరి నల్లగా, కొత్త కుండలా మెరిసింది. ఎంత బాగుందంటే చుట్టూ తిరిగి చూసుకున్నాను.

అక్కడ ఆగితే బాగుండేది. గ్రీజు ఎండకు కారిపోతుంది, జీడి నూనె కారదు కదా అనుకున్నాను. మిగిలింది ఇరుసుల్లో బేరింగు గుళ్ళ మధ్య పోశాను. పెడల్ గిన్నెల్లో పోశాను. కొత్తగా కొన్న గొలుసును అందులో ముంచి తీశాను. గొలుసు పుల్లకు వేలాడలేదు, చేత్తోనే పట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాత ముసురు పట్టింది. ముసురు తగ్గాక ఇరుసు తిప్పితే తిరగలేదు. గొలుసు ఎలా ఉందో అలాగే, వంకర్లు తిరిగిన కర్రలా నిలబడింది. అప్పటికే నా రెండు అరచేతులూ బొబ్బలెక్కి, నల్లగా మారి, తోలు ఊడుతున్నాయి.

ఇరుసులను, గిన్నెలను సంచిలో పెట్టి, సంచిని మోచేతికి తగిలించుకొని ఆటోలో పూండి వెళ్ళాను. షాపాయన ఇరుసు వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు.

"అప్పా, సైకిలు అనుకున్నావా, తెప్ప అనుకున్నావా?"

అరచేతులు కొంగు చాటుకు తీసుకున్నాను.

"నడిసీదానికి ఇది పుయ్యరు. నిలబడీదానికి పూత్తారు." నా చేతులు చూశాడు. ఎగతాళి మానేసి, లోపల్నుంచి స్టూలు తెచ్చి వేశాడు. "కూకో. టీ సెప్తాను. గలాసు నువ్వు పట్టుకోలేవు, సల్లారినాక తాగుదువుగాని."

చేతులు మానేదాకా ఏ పనీ చేయలేకపోయాను. పొయ్యి వెలిగించలేను, నీళ్ళు తోడలేను. సాయంత్రం మా ఆడపడుచు వచ్చి అన్నం పెట్టేది, తల దువ్వేది. దాని వేళ్ళు ఫ్యాక్టరీలో జీడికి ఎప్పుడో నల్లబడ్డాయి. నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి చూపించింది.

"నాను ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు సేత్తే వొచ్చిన రంగు. నువ్వు ఇంటికాడ కూకొని నాలుగు రోజుల్లో తెచ్చీసుకున్నావు. తెలివైనదానివే వదినా."

"ఎల్లు. దువ్వినకాడికి సాలు."

"కదలకు. సిక్కు ఉన్నాది." చిక్కు తీస్తూ అంది, "తినీకి రమ్మంతే రావు. మాటాడదామంతే నాను వొచ్చీసరికి నిద్దరొచ్చేత్తాది. నాకేటి తెలీదనుకుంతన్నావా?"

దానికి తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు. అది వెళ్ళాక గడప మీద చాలాసేపు కూర్చున్నాను. దాన్ని తప్పుపట్టలేను. పొద్దున్నే వంచిన మెడ సాయంత్రం ఎత్తే పని దానిది. పగలు మాత్రం నాది నేనే గడుపుకోవాలి.

గట్టిపడిన నూనె ఊడడానికి షాపాయన పడవ ఇంజనులో పోసే డీజిలు తెమ్మన్నాడు. ఇరుసులను, గిన్నెలను అందులో నానబెట్టాడు. గుళ్ళు పాడయ్యాయి, అవి మాత్రం కొత్తవి వేశాడు. గొలుసు పనికి రాలేదు, ఇంకోటి వేశాడు. ఇరుసులు నిలిచాయి. ఫ్రేము మీద పూత ముట్టుకోలేదు. "ఇది మాత్తరం ఉండనీ. నువ్వు పోయినా ఇది తుప్పట్టదు," అన్నాడు. కడ్డీ బ్రేకులు కొత్త ఫ్రేముకు అందలేదు, తీగ బ్రేకులు వేశాడు. మా ఆయన సీటు స్ప్రింగులు ఎత్తుగా ఉంటే కిందికి దించాడు. పుల్లలు అల్లి, రిమ్మును తిప్పుతూ వంకర తీస్తుంటే నేను స్టూలు మీద కూర్చొని చూశాను. చివర్లో వేలితో ఒక్కసారి తోసి వదిలేశాడు. చక్రం తిరుగుతూ ఉంది. ఆయన టీ తాగి వచ్చాడు, ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆదివారం ఫ్యాక్టరీ ఉండదు. మా ఆడపడుచు వెనక క్యారియర్ పట్టుకుంది. జీడితోటల మధ్య రోడ్డు మీద నేర్చుకున్నాను.

"ముందుకి సూడు, కిందకి కాదు."

"ఒగ్గీకే. ఒగ్గీసినావేటి?"

"ఒగ్గలేదు. నా సెయ్యి ఇక్కడే ఉన్నాది. తొక్కు."

చెయ్యి లేదని దాని గొంతు దూరమవుతుంటే తెలిసింది. కంచెలో పడ్డాను. అది పరుగెత్తుకొచ్చి ముందు సైకిలును లేపింది.

"సైకిలు బాగుంది," అంది. "నిన్ను తరవాత సూత్తాను."

తొక్కడం వచ్చేసరికి మోచేతుల నిండా గీతలు. కానీ వచ్చింది. ఒకరోజు వేకువన ఒడ్డున కవళ్ళ చేపలు పాడుకొని, ప్లాస్టిక్ టబ్బులో వేసి, వెనక తాడుతో కట్టి బయలుదేరాను. చలిగాలి మొహానికి కొడుతుంటే, మెడ నొప్పి లేకుండా, కొబ్బరితోటల్లోకి దూసుకుపోతుంటే నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. గాలికే కావచ్చు.

మొదటి ఊళ్ళో మొదటి ఇంటి ముందు స్టాండు వేసి బెల్లు కొట్టాను. ఇంటావిడ వాకిట్లోంచే చూసింది. "సైకిలా? బాగుంది," అంది. "ఏటున్నాయివాళ?" అంది. కవళ్ళు అన్నాను. పిల్లతో గిన్నె పంపింది. తూచి ఇచ్చాను. తలుపు వేసుకుంది. రెండో ఇంట్లో వద్దన్నారు. మూడో ఇంట్లో కిటికీలోంచి చెయ్యి ఊపారు. నాలుగు ఊళ్ళూ తిరిగి, చేపలన్నీ అమ్మి, పొద్దెక్కకముందే ఇంటికి వచ్చేశాను. సైకిలు ఎక్కడా మొరాయించలేదు. ఇంటి వెనక కూర్చొని లెక్కపెట్టుకుంటే చేపల పేర్లు, ధరలు తప్ప నేను విన్న మాటలు ఏవీ లేవు.

రెండో రోజూ అంతే. వారమంతా అంతే. మోటారుసైకిలు మీద ఐసు పెట్టె కట్టుకొని, మైకులో అరుచుకుంటూ వచ్చే కుర్రాళ్ళతో ఎలా ఉంటారో నాతోనూ అలాగే ఉన్నారు. నాకు మొదట కోపం వచ్చింది. వీళ్ళు నన్ను మరిచిపోయారనుకున్నాను. తర్వాత మెల్లగా తెలిసింది, మారింది వాళ్ళు కాదని.

నెత్తిన తట్ట ఉన్న మనిషి తనంతట తాను దించుకోలేదు. గుమ్మం ముందు నిలబడి, తట్టకు చెయ్యి వెయ్యమ్మా అని అడగాలి. పిండి రుబ్బుతున్నా, పిల్లకు పాలిస్తున్నా లేచి రావలసిందే. ఇద్దరమూ రెండు వైపులా పట్టుకొని దించేటప్పుడు మొహాలు జానెడు దూరంలోకి వస్తాయి. ఆ దూరంలో ఎవరూ ధర అడగరు. కళ్ళు ఉబ్బాయేమిటి అని అడుగుతారు. దించిన చేతికి ముందు రెండు చేపలు ఊరికే పెట్టడం మా వాళ్ళ ఆచారం. మళ్ళీ ఎత్తడానికీ ఆ మనిషే కావాలి, అందుకని పోతూ పోతూ కూడా ఓ మాట. నా కబుర్లన్నీ ఆ బరువు తెచ్చిపెట్టినవే. ఇప్పుడు నాకు ఎవరి చెయ్యీ అవసరం లేదు. అవసరం లేని మనిషి దగ్గరికి ఎవరు లేచి వస్తారు?

ఇది ఎవరికీ చెప్పుకోలేదు. అంత కష్టపడి తయారు చేసుకున్నదాన్ని పట్టుకొని ఏడుస్తున్నానంటే నవ్వుతారు.

వానలు పడి దారులు బురదైన రోజుల్లో ఒక ఇంటి ముందు స్టాండు వేస్తుంటే దాని కాలు మొదట్లో విరిగింది. సైకిలు ఒరిగింది. టబ్బు జారుతోంది, నేను ఒక్కదాన్నే రెండు వైపులా పట్టుకోలేను. వాకిలి ఊడుస్తున్న ముసలమ్మ చీపురు పడేసి వచ్చి హ్యాండిలు పట్టుకుంది.

"పడీసీలాగుంది. పట్టు పట్టు."

"పట్టుకునే ఉండవే అమ్మా, తూసేత్తాను."

ఆమె రెండు చేతులతో హ్యాండిలు పట్టుకొని నా ఎదురుగా నిలబడింది. వదిలితే పడిపోతుంది, అందుకని కదలలేదు. ఊరికే నిలబడలేక మాట్లాడింది. మోకాలు గురించి చెప్పింది. కొడుక్కి కిడ్నీ పరీక్షలో క్రియాటిన్ పెరిగిందని, పలాస తీసుకెళ్ళాలని చెప్పింది. "మీ ఆయనకి ఎలగ మొదలైంది?" అని మెల్లగా అడిగింది. ఆయన గురించి నన్ను ఎవరూ అడిగి చాలా కాలమైంది. చెప్పాను. కాళ్ళ వాపు దగ్గర్నుంచి చెప్పాను. ఆమె వింటూ, హ్యాండిలు పట్టుకునే ఉంది. రెండు కవళ్ళు ఊరికే ఆమె గిన్నెలో వేశాను.

ఆ రోజు ప్రతి ఇంటి ముందూ ఎవరో ఒకరు వచ్చి సైకిలు పట్టుకోవలసి వచ్చింది. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

మర్నాడు పూండి వెళ్ళినప్పుడు షాపాయన విరిగిన కాలు చూశాడు.

"స్టాండేగా. ఉన్నాది నా కాడ, పాతదే, దీనికి సరిగ్గా పడతాది. అలా పెట్టు, ఇప్పుడే తగిలించేత్తాను."

"వొద్దు."

"వొద్దంతే? నిలబడాల కదా."

"ఎవులో ఒకలు పట్టుకుంతారు."

"ఎవులు పట్టుకుంతారప్పా పనులు మానుకొని?"

"పట్టుకుంతన్నారు."

ఆయన చేతిలో స్టాండు పట్టుకొని నా మొహం చూశాడు. జీడి నూనె రోజు చూసినట్టే చూశాడు. మళ్ళీ ఏదో తెలివితక్కువ పని చేస్తున్నానని అనుకొని ఉంటాడు. స్టాండును గోనెసంచిలో వేసేసి, గాలి మాత్రం చూసి పంపించాడు. దారి పొడవునా, ఆయనకు కారణం చెప్పి ఉండాల్సింది అనుకున్నాను. చెప్పడానికి సిగ్గేసింది.

ఇంటి దగ్గర సైకిలును గోడకు ఆనిస్తాను. పగలు మిగిలిన సగం ఎప్పటిలాగే ఉంటుంది, కోళ్ళూ నేనూ. సాయంత్రం పిలిస్తే గొంతు మాత్రం వస్తోంది.

నిన్న చివరి ఇంటి దగ్గర ఒకావిడ హ్యాండిలు పట్టుకుంది. పొయ్యి మీద అన్నం ఉందట, ఒక కాలు ఇంటివైపే పెట్టి నిలబడింది. వాళ్ళ కోడలు పుట్టింటికి ఎందుకు వెళ్ళిందో చెప్పడం మొదలుపెట్టి సగంలో ఉంది.

"ఎంతసేపు పట్టుకోమంతావే? అన్నం మాడిపోద్ది."

"అయిపోనాది, ఇదిగో," అన్నాను. "తరవాత కోడలేటందీ?"

ఆమెకు తూచి పెట్టిన నెత్తళ్ళు టబ్బులో ఒక పక్కన ఉన్నాయి. వాటిని మళ్ళీ ముందుకు లాక్కొని, చిన్నవి ఒక వైపు, పెద్దవి ఒక వైపు మొదట్నుంచీ ఏరసాగాను.